చెత్త పని నెత్తికెత్తుకున్న మేనకోడలికి

చిట్టీ,

మీ అపార్ట్‌మెంట్‌లో చెత్త వేరుచేయించే పని నువ్వు మీద వేసుకున్నావని, సెల్లార్‌లో ఎరువు కూడా చేయిస్తావట అని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి విసుగు. నాకు గర్వం, వెంటనే గుబులూ. 140 ఫ్లాట్లంటే మాటలా? లిఫ్ట్ ఆగితే కంపెనీని తిడతారు, కంపు కొడితే నిన్నే తిడతారు.

తేలికవి ముందు. తడి చెత్త ఆకుపచ్చ డబ్బా, పొడిది నీలం డబ్బా. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టాలి. అట్టలు, సీసాలు, పేపర్లు పాత సామాన్లవాడు కొంటాడు. ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలకు వేరే పెట్టె. ‘మున్సిపాలిటీ ఎందుకుంది మరి’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు లోపలే ఎరువు చేసుకోవాలని 2016లో కేంద్రం తెచ్చిన చెత్త నిబంధనల్లోనే రాశారని చెప్పు. అప్పటికీ వినకపోతే ఓ సాయంత్రం మా దమ్మాయిగూడ పంపించు. గాలి ఇటు తిరిగిందా, హైదరాబాద్ చెత్త పోసే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఇంట్లోకే వస్తుంది. అక్కడి చెత్త నుంచి ఊరిన మురుగుతో మల్కారం చెరువు ఏమైందో కూడా చూడమను.

ఇక ఎరువు చేసే మెషీన్. కొనకు. ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా కొనకు.

మా సెక్రటరీగారు ఒక వీడియో చూసి మోజుపడ్డారు. ఇవాళ వేస్తే రేపటికి ఎరువట! మెయింటెనెన్స్ డబ్బంతా ఊడ్చి తెచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు గోధుమరంగు పొడి వచ్చింది. అందరూ మురిసిపోయారు. చెత్త తీసే అక్క మాత్రం చేతిలోకి తీసుకుని వాసన చూసి, ‘ఇది ఎరువు కాదమ్మా, ఎండిన కూర’ అంది. ఆవిడ మాట ఎవరిక్కావాలి? ఆ యంత్రం చెత్తను వేడిచేసి, నీరు ఇగరగొట్టి, పొడి కొడుతుందంతే. సూక్ష్మజీవులు తిని మట్టిగా మార్చడానికి వారాలు పట్టాలి కదా. కుండీల్లో వేసి నీళ్లు పోయగానే ఆ పొడి అప్పుడు కుళ్లడం మొదలెట్టింది. బూజు, ఈగలు. మల్లె తీగలు చచ్చాయి. అంతకంటే పెద్ద నష్టం, అన్నీ అదే నమిలేస్తుందిలే అని జనం వేరుచేయడం మానేశారు. ఓ రోజు స్టీలు గరిటె పడి బ్లేడు విరిగింది. ఇప్పుడు దానిమీద పిల్లల సైకిల్ హెల్మెట్లు పెడుతున్నారు.

చివరికి దారి చూపించింది ఆ అక్కే. రంధ్రాలున్న పెద్ద డబ్బాలు, ఓ వరస తడి చెత్త, దానిమీద అంత మందాన ఎండుటాకులో కొబ్బరి పొట్టో. వారానికోసారి తిరగెయ్యాలి. గుప్పిట్లో పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి, నీళ్లు కారకూడదు. కంపు వస్తే తడి ఎక్కువై గాలి ఆడట్లేదన్నమాట, ఇంకో తట్ట ఆకులు వెయ్యి. తెల్ల పురుగులు కనబడితే కేకలు పెట్టకు, అవి మన పనే చేస్తున్నాయి. ఫిబ్రవరి, మార్చిలో వేపాకు రాలేటప్పుడు గోనెసంచుల్లో నింపి దాచు. వానాకాలంలో ఎండుటాకు కావాలంటే ఎక్కడా దొరకదు.

ఇంకొకటి, ఇది మరిచిపోతే మాత్రం ఊరుకోను. ఇన్సులిన్ సూదులు. నాదీ షుగర్ ఒళ్లే, ఎంతమంది వాటిని అలాగే చెత్తలో పడేస్తారో నాకు తెలుసు. అక్క అరచేతిలో ఒకటి దిగింది. ఎవరిదో తెలియదు. హెపటైటిస్, హెచ్ఐవీ అంటూ నెలల తరబడి పరీక్షలు. ఏమీ రాలేదు, కానీ అన్నాళ్లూ మనవణ్ని ఎత్తుకోవడానికి భయపడింది. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, విడిగా ఇమ్మని ప్రతి గుమ్మానికీ వెళ్లి చెప్పు. వాట్సాప్‌లో పెట్టి చేతులు దులుపుకోకు. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, పైన ఎర్రచుక్క పెట్టమను. గ్లవ్స్ చిరగకముందే కొత్తవి తెప్పించు. ఆ డబ్బు సంఘం నుంచే తియ్యి, నీ జీతంలోంచి కాదు. చిన్నప్పుడు బడిలో పెన్సిళ్లన్నీ పంచేసి, వేలెడు ముక్కతో పరీక్ష రాసినదానివి, నీ సంగతి నాకు తెలీదా?

వేళకి తిను. సెల్లార్‌లో ఎక్కువసేపు నిలబడకు, నీకసలే తుమ్ములు.

మీటింగ్ ఏ ఆదివారమో చెప్పు, వస్తాను. వెనక కుర్చీలో కూర్చుంటా, నోరెత్తను. ఎవరైనా మెషీన్ అంటే మాత్రం నా పూచీ లేదు. మీ చెత్త తీసే ఆవిడకి కూడా ముందు వరసలో కుర్చీ వేయించు.

మీ అత్తయ్య