టెక్ సందేహాలు: ఒక స్కూల్ జాబితా ఇంకో స్కూల్ స్క్రీన్ మీద

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఎనిమిది ప్రైవేటు స్కూళ్లకు ఫీజుల వెబ్ అప్లికేషన్ నడుపుతున్నాం. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఫాస్ట్ఏపీఐ, డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాం. డేటాబేస్ సెషన్‌ను ప్రతి ఎండ్‌పాయింట్‌కూ (ఒక్కో రకం రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్) డిపెండెన్సీ ఇంజెక్షన్‌తోనే, అంటే ఫంక్షన్‌కు కావాల్సింది ఫ్రేమ్‌వర్కే బయటి నుంచి అందించే పద్ధతిలోనే ఇస్తున్నాం. సెషన్ సృష్టించి రిటర్న్ చేసే చిన్న ఫంక్షన్ అది. అయినా ఫీజు గడువు రోజుల్లో పొద్దున పదింటికల్లా సైట్ బిగుసుకుపోతోంది. లాగ్‌లో ‘క్యూపూల్ లిమిట్ ఆఫ్ సైజ్ 5 ఓవర్‌ఫ్లో 10 రీచ్‌డ్’ అని వస్తోంది. పూల్ (మళ్లీ మళ్లీ వాడుకునే డేటాబేస్ కనెక్షన్ల నిల్వ) సైజు 20 చేస్తే ఈసారి పోస్ట్‌గ్రెస్ ‘రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్‌డ్’ అంటోంది. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. ఇంకో మాట, మొన్న ఒక స్కూల్ క్లర్కుకు వేరే స్కూల్ పిల్లల జాబితా కనిపించిందట. రిఫ్రెష్ చేస్తే పోయిందట. – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నెలకు నాలుగైదు వస్తున్నాయి, అన్నింటిలోనూ అదే ‘రిటర్న్’. దాన్ని తీసేసి ‘యీల్డ్’ పెట్టండి. ‘ట్రై’ పైన సెషన్ తెరవాలి, ‘ట్రై’ లోపల యీల్డ్ చేయాలి, ‘ఫైనలీ’లో మూసేయాలి. రిటర్న్ చేసిన సెషన్‌ను ఫ్రేమ్‌వర్క్ మూయదు, ఎందుకంటే దాన్ని మూయాలన్న సంగతే దానికి తెలియదు. పైథాన్ వాడి పారేసిన ఆబ్జెక్టులను ఏరినప్పుడు మాత్రమే ఆ కనెక్షన్ పూల్‌కు తిరిగొస్తుంది. అది ఎప్పుడన్నది మీ చేతిలో లేదు. రద్దీ లేనప్పుడు సరిపోతుంది, గడువు రోజున సరిపోదు. రీస్టార్ట్‌తో కాసేపు బాగుండటానికి కారణం ఇదే. అనుమానం ఉంటే పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్లన్నీ చూపించే ‘పీజీ స్టాట్ యాక్టివిటీ’ చూడండి. పనేమీ చేయకుండా ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని వేలాడుతున్న వరుసలు కనిపిస్తాయి.

పూల్ సైజు పెంచడం మాత్రం పొరపాటు. ఆ అంకె ఒక్కో ప్రాసెస్‌కు విడివిడిగా వర్తిస్తుంది. 20కి ఓవర్‌ఫ్లో (రద్దీలో అదనంగా తెరవనిచ్చేవి) 10 కలిపితే 30. అప్లికేషన్‌ను నడిపే సర్వర్ గునికార్న్‌లో నాలుగు వర్కర్లు (విడి ప్రాసెస్‌లు) ఉన్నా 120 అయింది. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్‌గా ఉండే కనెక్షన్లు 100, అందులో 3 సూపర్‌యూజర్‌కు పక్కన పెట్టినవి. పైగా మీ ఎండ్‌పాయింట్లు మామూలు ‘డెఫ్’తో రాసి ఉంటే అవి 40 థ్రెడ్ల (పక్కపక్కన నడిచే పనుల) గుంపులో నడుస్తాయి. మీ మొదటి లెక్కన (5కి 10 కలిపి) ఉన్న 15 కనెక్షన్ల కోసం 40 థ్రెడ్లు వస్తే మిగతా 25 నిలబడాలి. డిఫాల్ట్ లెక్కన ఒక్కోటి 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ ఇస్తుంది. ఈలోగా బటన్ పనిచేయలేదనుకుని తల్లిదండ్రులు మళ్లీ నొక్కుతారు. నాలుగు వర్కర్లయితే పూల్ 10, ఓవర్‌ఫ్లో 5, ఎదురుచూపు 5 సెకన్లు పెట్టండి. మొత్తం 60 అవుతుంది. మైగ్రేషన్‌లకూ (టేబుళ్ల నిర్మాణం మార్చే పనులు), మీరు చేత్తో లాగిన్ అవడానికీ చోటు మిగులుతుంది.

ఇంకొకటి కూడా సరిచూసుకోండి. ఫీజు కట్టగానే ఎస్సెమ్మెస్ పంపుతున్నారా? కమిట్‌కు (మార్పులను డేటాబేస్‌లో ఖాయం చేయడం) ముందే పంపుతుంటే, అవతలి గేట్‌వే నాలుగు సెకన్లు తీసుకున్నంతసేపూ మీ కనెక్షన్ ఊరికే బందీగా ఉంటుంది. ముందు కమిట్ చేయండి, కనెక్షన్ పూల్‌కు పోతుంది, తర్వాత ఎస్సెమ్మెస్ పంపండి. ఇక్కడొక మడత ఉంది. కమిట్ అయ్యాక విద్యార్థి ఆబ్జెక్టులోంచి పేరు చదివితే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ మళ్లీ డేటాబేస్‌కు వెళుతుంది, మళ్లీ కనెక్షన్ పట్టుకుంటుంది. పేరు, ఫోన్ నంబరు కమిట్‌కు ముందే విడి వేరియబుల్స్‌లోకి తీసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. ‘ఇంకో మాట’ అంటూ మీరు ఒక్క ముక్కలో రాసిన దానికి నాకు నిద్ర పట్టలేదు. సైట్ గంటసేపు ఆగితే జనం తిట్టుకుని మళ్లీ వస్తారు. ఒక స్కూల్ పిల్లల పేర్లు, వాళ్ల అమ్మానాన్నల ఫోన్ నంబర్లు సంబంధం లేని చోట కనిపించడం అలాంటిది కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. డేటా భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. రిఫ్రెష్ చేస్తే పోయింది కదా అని వదిలేయకండి.

ఉత్తరంతో పాటు మీరు పంపిన కోడ్ తునకలో ఒక డిపెండెన్సీ రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరుసలు కనిపించాలో ‘పాలసీ’ అనే నియమంతో డేటాబేసే నిర్ణయించడం) కోసం ‘సెట్’ ఆదేశంతో స్కూల్ ఐడీని కనెక్షన్ మీద పెడుతోంది. జాబితా డౌన్‌లోడ్ చేసే ఎండ్‌పాయింట్ మాత్రం ఆ డిపెండెన్సీని వాడటం లేదు, ఉత్త సెషన్‌ను అడుగుతోంది. దాంతో ఏమవుతుందో చూడండి. మూడో నంబరు స్కూల్లో ఫీజు కట్టించుకున్నారు. ట్రాన్సాక్షన్ కమిట్ అయింది, కనెక్షన్ పూల్‌కు వెళ్లింది, దాని మీద ‘3’ అలాగే అంటుకుని ఉంది. తర్వాత ఐదో స్కూల్ క్లర్కు డౌన్‌లోడ్ నొక్కితే అదే కనెక్షన్ చేతికొచ్చింది. పాలసీ చూసింది, 3 అని ఉంది, మూడో స్కూల్ పిల్లలను ఇచ్చింది. ఏమీ రాయకుండా చూడటానికి మాత్రమే వచ్చే రిక్వెస్టుల తర్వాత ఇలా జరగదు. కనెక్షన్ తిరిగొచ్చేటప్పుడు పూల్ రోల్‌బ్యాక్ చేస్తుంది (ఖాయం కాని మార్పులను రద్దు చేస్తుంది) కాబట్టి కమిట్ కాని ‘సెట్’ కూడా వెనక్కి పోతుంది. డబ్బు కట్టించుకున్న తర్వాత మాత్రమే మిగులుతుంది. అందుకే ఇది అరుదుగా కనిపించి, మీ టెస్టింగ్‌కు దొరక్కుండా తిరుగుతోంది.

‘సెట్’ బదులు ‘సెట్ లోకల్’ వాడితే విలువ ట్రాన్సాక్షన్‌తోనే పోతుంది. కానీ ఆ ఆదేశం పారామీటర్లు తీసుకోదు. అందుకని చాలామంది ఐడీని స్ట్రింగ్‌లో అతికిస్తారు, బయటివాళ్లు తమ ఆదేశాలను చొప్పించే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడికి తలుపు తీస్తారు. ‘సెట్ కాన్ఫిగ్’ అనే ఫంక్షన్‌ను పిలవండి, విలువను పారామీటర్‌గా ఇవ్వండి, మూడో ఆర్గ్యుమెంట్ ‘ట్రూ’ పెట్టండి. పని అదే, అతుకు లేదు. ఐడీ రావాల్సింది లాగిన్ టోకెన్‌లోంచి, యూఆర్ఎల్‌లోంచి కాదు.

పాలసీలో ‘కరెంట్ సెట్టింగ్’ చదివేచోట ఇంకో చిక్కు. ఒకసారి వాడిన కనెక్షన్‌లో ట్రాన్సాక్షన్ ముగిశాక ఆ విలువ నల్ అవదు, ఖాళీ స్ట్రింగ్ అవుతుంది. దాన్ని అంకెగా మార్చబోతే ఎర్రర్. చుట్టూ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గా మార్చే ‘నల్ఇఫ్’ పెడితే ఐడీ లేనప్పుడు సున్నా వరుసలు వస్తాయి. తప్పు జరిగినా ఏమీ కనిపించకుండా ఆగడమే మనకు కావాలి. పైన ఎస్సెమ్మెస్ దగ్గర చెప్పిన జాగ్రత్త ఇక్కడ రెండింతలు అవసరం. కమిట్ తర్వాత ఆబ్జెక్టును ముట్టుకుంటే ఐడీ పోయి ఉంటుంది, వరుస దొరకదు.

ఆ ఉత్త సెషన్ డిపెండెన్సీని ఎండ్‌పాయింట్ల ఫైళ్లలోకి ఇంపోర్ట్ చేయడమే మానేయండి. స్కూల్ ఐడీ పెట్టిన సెషన్ ఒక్కటే అందుబాటులో ఉండాలి. డిపెండెన్సీ ఇంజెక్షన్ వల్ల వచ్చే అసలు లాభం ఇది: డేటాబేస్‌లోకి వెళ్లే దారి ఒక్కటే ఉంటుంది, కాపలా అక్కడే ఉంటుంది. మీరు రెండు దారులు పెట్టి ఒకదానికే కాపలా ఉంచారు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో రాత్రిపూట రిపోర్టులు తయారుచేసే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ రాశాను. డీబీకాంటెక్స్ట్‌ను (అక్కడ డేటాబేస్ సెషన్‌లాంటిది) కన్‌స్ట్రక్టర్లో అడిగితే నా లాప్‌టాప్‌లో ఎర్రర్, సర్వర్లో మాత్రం నడిచింది. అందరూ చెప్పారని దాన్ని సింగిల్టన్‌గా (అప్లికేషన్ మొత్తానికి ఒక్కటే) మార్చాను, ఎర్రర్ పోయింది. ఇప్పుడు మెమరీ పెరుగుతోంది. – హైదరాబాద్ నుంచి

జవాబు: ఎర్రర్ పోలేదు, మీరు దాని నోరు నొక్కారు. బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ అప్లికేషన్ ఉన్నంతకాలం బతుకుతుంది. డీబీకాంటెక్స్ట్ ఒక్క పనికోసం పుట్టి పోవాలి. దాన్ని సింగిల్టన్ చేస్తే చదివిన ప్రతి వరుసనూ గుర్తుపెట్టుకుంటూ ఉబ్బుతుంది, పాత విలువలే చూపిస్తుంది, రెండు రిక్వెస్టులు ఒకేసారి వాడితే ‘సెకండ్ ఆపరేషన్’ ఎర్రర్ ఇస్తుంది. డీబీకాంటెక్స్ట్ ఫ్యాక్టరీని ఇంజెక్ట్ చేసుకుని రాత్రి పని మొదలైనప్పుడు ఒకటి సృష్టించి, పని కాగానే డిస్పోజ్ చేయండి.

లాప్‌టాప్‌లో ఎర్రర్ వచ్చి సర్వర్లో రాకపోవడానికి కారణం, స్కోప్ తనిఖీ (కొద్దిసేపే బతకాల్సినదాన్ని ఎప్పుడూ బతికేది పట్టుకుంటోందా అని చూడటం) డిఫాల్ట్‌గా డెవలప్‌మెంట్‌లోనే జరగడం. ప్రొడక్షన్‌లోనూ ‘వాలిడేట్ స్కోప్స్’ ఆన్ చేయండి. భద్రతకు పనికొచ్చే తనిఖీని, అది నిజంగా అవసరమైన చోట ఆపి ఉంచే డిఫాల్ట్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది. వేగం కోసమంటారు. ఆ కాస్త వేగం ఎవరూ అడగలేదు.

ప్రశ్న: పది ఎండ్‌పాయింట్ల అప్లికేషన్‌కు ఈ డిపెండెన్సీ ఇంజెక్షన్ అంతా అవసరమా? గ్లోబల్ వేరియబుల్ చాలదా? – విశాఖపట్నం నుంచి

జవాబు: ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో కనెక్షన్లు ఇచ్చే ‘ఇంజిన్’ గ్లోబల్‌గా ఉండాలి, ప్రాసెస్‌కు ఒక్కటే. పూల్ ఉండేది దానిలోనే. గ్లోబల్‌గా ఉండకూడనివి కనెక్షన్, సెషన్. ఈ తేడా చెప్పకుండా ఫైలు మొదట్లోనే ‘కనెక్ట్’ అని రాసి, పక్కనే పాస్‌వర్డ్ పెట్టి, యూజర్‌గా ‘పోస్ట్‌గ్రెస్’ అని చూపించే నమూనా కోడ్ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతోంది. ఏఐ సహాయకులను అడిగినా చాలాసార్లు ఇదే వస్తోంది. ‘ఇది ఉదాహరణ మాత్రమే’ అని కింద రాస్తే సరిపోదు, ఎందుకంటే జనం కాపీ చేసేది పై భాగాన్నే. ఆ ‘పోస్ట్‌గ్రెస్’ సూపర్‌యూజర్, అతనికి రో లెవెల్ సెక్యూరిటీ అసలు వర్తించదు. టేబుల్ యజమానికి కూడా ‘ఫోర్స్’ పెడితే తప్ప వర్తించదు. కాబట్టి అప్లికేషన్‌కు టేబుళ్ల యాజమాన్యం లేని వేరే యూజర్‌ను సృష్టించండి. పాస్‌వర్డ్ ఎన్విరాన్‌మెంట్‌లోంచి రావాలి. గిట్‌లోకి ఒకసారి వెళ్లిన పాస్‌వర్డ్‌ను తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉంటుంది, మార్చాల్సిందే.

టెస్టులకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టుకుంటున్నామని ఇంకొందరు రాశారు. దానిలో రో లెవెల్ సెక్యూరిటీ లేదు. గుంటూరు పాఠకుడికి వచ్చిన సమస్య అందులో ఎన్ని టెస్టులు రాసినా బయటపడదు. పోస్ట్‌గ్రెస్‌నే పెట్టి, ఫాస్ట్ఏపీఐలో ఒక డిపెండెన్సీ బదులు ఇంకొకటి ఇవ్వనిచ్చే ‘డిపెండెన్సీ ఓవర్‌రైడ్స్’ ద్వారా టెస్ట్ ఇంజిన్‌ను ఇవ్వండి. ఆ ఇంజిన్‌కు పూల్ సైజు 1, ఓవర్‌ఫ్లో 0. అప్పుడు ప్రతి రిక్వెస్టూ అదే కనెక్షన్ వాడక తప్పదు. మొదట మూడో స్కూల్ టోకెన్‌తో ఫీజు కట్టించండి. వెంటనే ఐదో స్కూల్ టోకెన్‌తో జాబితా అడగండి, ఐదో స్కూల్ పిల్లలే రావాలి. తర్వాత అదే పూల్‌లోంచి స్కూల్ ఐడీ పెట్టకుండా ఒక సెషన్ తీసుకుని విద్యార్థుల టేబుల్ లెక్కించండి. సున్నా రావాలి. ఒకటి వచ్చినా ఆ రోజు రిలీజ్ ఆపండి.