పోయిన సున్నా

చిరంజీవికి,

నువ్వు పంపిన వర్గ సమీకరణాల పాఠం రాత్రే చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీ దాటి ముందుకు పోలేకపోయాను.

వై = ఎక్స్² − 5ఎక్స్ గీతకు ఎక్స్ అంతరఖండాలు, అంటే గీత ఎక్స్ అక్షాన్ని తాకే చోట్లు, కనుక్కుంటూ వై ని సున్నా చేసి ఎక్స్² = 5ఎక్స్ అని రాశావు. రెండు వైపులా ఎక్స్‌తో భాగించి, జవాబు 5 అని తేల్చేశావు. ఎక్స్‌తో భాగించావంటే అది సున్నా కాదని ముందే ఒప్పేసుకున్నట్టు. నువ్వు పోగొట్టుకున్న రెండో జవాబు ఆ సున్నాయే. ఎక్స్(ఎక్స్ − 5) = 0 అని రాసుంటే రెండూ దొరికేవి.

నాకు బాధ కలిగింది ఇందుకు కాదు. ఆ లెక్క కిందే నువ్వు పట్టిక వేశావు. ఎక్స్ 0 నుంచి 5 దాకా, వై విలువలు 0, −4, −6, −6, −4, 0. నీ చేత్తో రాసిన సున్నాని నువ్వే చూడలేదు! ఆ వరుస ఎటు నుంచి చదివినా ఒకటే. అంటే ఆ గిన్నె ఆకారపు గీత, పరావలయం, సరిగ్గా ఎక్స్ 2.5 దగ్గర మలుపు తిరుగుతోంది. సూత్రం ముట్టుకోకుండానే ఇంత తెలిసింది.

ముందు పట్టిక, తర్వాత బొమ్మ, ఆఖర్న సూత్రం. ఈ వరుస మార్చి రాసిన పాఠాన్ని నేను పాఠమనను. ఎక్స్ అక్షం మీద ఎక్కడైనా వై సున్నా, వై అక్షం మీద ఎక్కడైనా ఎక్స్ సున్నా. పిల్లలకు ఇది కళ్లకు కట్టాలి.

నా మొదటి పాఠంలో వై = ఎక్స్² + 2ఎక్స్ + 5 తీసుకున్నాను. విచక్షణి, అంటే ఏఎక్స్² + బిఎక్స్ + సి లో బి² − 4ఏసి విలువ, −16 వచ్చింది. అది సున్నాకు తక్కువ కాబట్టి "ఎక్స్ అంతరఖండాలు లేవు" అని రాసి చేతులు దులుపుకున్నాను. చదివిన ఒక పిల్ల "మరి గీత ఎక్కడికి పోయింది?" అని అడిగింది. ఆ రాత్రి గ్రాఫ్ కాగితం మీద గీసి చూస్తే, గీత (−1, 4) దాకా దిగి, ఎక్స్ అక్షాన్ని తాకకుండానే పైకి లేచిపోయింది. వై అక్షాన్ని మాత్రం 5 దగ్గర ఖండిస్తూనే ఉంది. బొమ్మతో సహా మళ్లీ రాసి పంపితే, సంపాదకుడు బొమ్మ తీసేసి "చోటు లేదు, పరీక్షకు పనికొచ్చే షార్ట్‌కట్ ఇవ్వండి" అన్నాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

సూత్రం ఇవ్వాల్సి వస్తే మన ప్రాచీన గణితవేత్త శ్రీధరాచార్యుడి దారిలో ఇవ్వు. ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0 లో సి ని కుడివైపుకు పంపి, అంతటినీ 4ఏతో గుణించి, రెండు వైపులా బి² కలుపు. ఎడమవైపు (2ఏఎక్స్ + బి)² అవుతుంది, కుడివైపు బి² − 4ఏసి మిగులుతుంది. మధ్యలో భిన్నాల బెడద లేదు.

పుస్తకంగా వేయొచ్చా అని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు మూడో పేజీ తిరగరాసి పంపు. నీ పట్టికలో మొదటి సున్నా చుట్టూ ఎర్ర సిరాతో గీత చుట్టాను, చూడు.