పదిహేను రోజులు ఆ తలుపు తీయకు

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ మీద చాడీలు చెప్పింది. "ఉన్న పిల్లి జున్ను చాలదన్నట్టు ఇంకోదాన్ని తెస్తోందట, నువ్వైనా చెప్పవే అక్కా" అని. మెట్రో పిల్లర్ కింద మూడు రోజులు వానలో అరుస్తున్న పిల్లను నీ స్నేహితురాలు తీసుకొచ్చిందని, ఆదివారం నువ్వు మీ ఇంటికి తెచ్చుకుంటున్నావని అప్పుడే తెలిసింది. సరే, మాట్లాడతాలే అని ఫోన్ పెట్టేశాను కానీ చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకపక్క నా బంగారు తల్లి అనిపించింది. ఇంకోపక్క గుండెల్లో రాయి పడింది. ఆ రాయి ఎందుకు పడిందో చెప్పాలనే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "ఊ పెద్దమ్మా, ఊ" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. రెండు పిల్లులకు మూడు లిట్టర్ బాక్సులు, అదే దొడ్డికెళ్లే ఇసుక పెట్టెలు, ఉండాలి. తిండి గిన్నెలు, నీళ్ల గిన్నెలు వేరు. బాల్కనీకి పావురాల కోసం కట్టే నైలాన్ వల చాలదు, పిల్లి కొరికితే తెగిపోతుంది, ఇనుప మెష్ వేయించు. వాషింగ్ మెషీన్ వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడు. ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరు చెప్పినా పారాసెటమాల్ వెయ్యకు, పిల్లులకు అది ప్రాణాంతకం. కుక్కల గోమార్ల పౌడర్ కూడా అంతే.

పాలు వద్దు. నువ్వు మూడో తరగతి సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు పెరట్లో బియ్యం గోనె వెనకాల పిల్లిపిల్లను దాచి, నీకు కలిపిచ్చిన బూస్ట్ పాలు రోజూ దానికి పోసేదానివి. దానికి విరేచనాలు పట్టుకుని తోక చుట్టూ అట్ట కట్టేస్తే, నీ గౌను చెంగుతో తుడుస్తూ వెక్కివెక్కి ఏడ్చావు. గౌను సంగతి మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఆవుపాలు, గేదెపాలు వాటికి అరగవు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, లేకపోతే పిల్లిపిల్లలకని అమ్మే తిండి పెట్టు.

తల్లి కోసం చూశారా అని కూడా అడుగుదామనుకున్నాను. పిల్లి పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్లి రెండోదాని కోసం తిరిగొస్తుంది. ఆ మధ్యలో మనం ఎత్తుకొచ్చేస్తే దానికి కడుపుకోత పెట్టినట్టే. మూడు రోజులు ఒంటరిగా అరిచిందంటే ఇక తల్లి రాదులే. మంచిపనే చేశారు.

ఇప్పుడు అసలు సంగతి.

2007లో, వినాయక చవితి వెళ్లిన వారం. అప్పుడు మా ఇంట్లో గౌరి ఉండేది. పది నెలల పిల్ల, తెలుపు మీద పసుపు మచ్చలు. మీ పెదనాన్నకు పిల్లులంటే గిట్టదని నువ్వు వినే ఉంటావు. అది గౌరి రాకముందు మాట. అది వచ్చాక ఆయన పేపరు పరిస్తే దాని మీదే పడుకునేది, ఆయన పేజీ తిప్పకుండా అదే పేజీ మళ్లీ చదువుతూ కూర్చునేవారు.

ఆ రోజు కూరగాయలు కొనుక్కుని వస్తుంటే మురుగుకాలవ పక్కన ఒక నల్లపిల్ల కనిపించింది. అరచేతిలో పట్టేంత. సంచిలో వంకాయల మీద పెట్టుకుని తెచ్చాను. వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, గౌరి గిన్నెలోనే తిండి పెట్టి, గౌరి చాప మీదే పడుకోబెట్టాను. గౌరి ముందు బుస కొట్టింది. సాయంత్రానికి దాని చెవులు నాకడం మొదలుపెట్టింది. నేను మురిసిపోతూ మీ అమ్మకు ఫోన్ చేశాను, "చూడవే, కన్నతల్లిలా నాకుతోంది" అని.

నాలుగో రోజున నల్లపిల్ల తిండి ముట్టలేదు. పసుప్పచ్చటి నురగ కక్కింది. అరగలేదేమో, ఒక పూట కడుపు మాడిస్తే సర్దుకుంటుంది అనుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున పోయింది. జామచెట్టు కింద పెదనాన్న గొయ్యి తీశారు. వీధిపిల్ల, వచ్చేటప్పటికే ఒంట్లో బాగాలేదేమో అని మనసుకు చెప్పుకుని ఇల్లంతా ఫినాయిల్ వేసి కడిగాను.

ఆ తర్వాత నాలుగు రోజులకు గౌరి నీళ్ల గిన్నె దగ్గర కూర్చుంది. ముందుకాళ్లు కిందికి మడిచి, గడ్డం గిన్నె అంచు మీద ఆనించి, నీళ్లకు వేలెడు దూరంలో మూతి పెట్టుకుని ఉంది. తాగదు, అక్కణ్ణుంచి లేవదు. దాని ఊపిరికి నీళ్ల మీద చిన్న చిన్న మడతలు పడుతున్నాయి. నేను వంగి పిలిస్తే కళ్లెత్తలేదు. ఎండకు దాహం వేస్తోందనుకుని గిన్నె నిండా నీళ్లు పోసి నా పనిలోకి వెళ్లిపోయాను. ఒక పూటంతా దాన్నలా వదిలేశాను, స్వాతీ.

సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళితే చూడగానే చెప్పారు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బట. కుక్కలను వాంతులు, విరేచనాలతో చంపే పార్వో ఎలాగో పిల్లులకు ఇది అలాగట. తెల్లరక్తకణాలు పడిపోతాయట. టీకా వేయించారా అని అడిగారు. గుమ్మం దాటని పిల్లికి టీకా ఎందుకు అనుకునేదాన్ని నేను. రోగం నా కూరగాయల సంచిలో వచ్చింది. రెండు రోజులు సెలైన్ పెట్టించాం. పెదనాన్న ఆఫీసుకు సెలవు పెట్టి ఆ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. మూడో రోజు పోయింది.

అంతటితోనైనా నాకు బుద్ధి రాలేదు. ఇల్లు బావురుమంటోందని మూడు నెలలకే ఇంకో పిల్లను తెచ్చాను. వారం తిరక్కుండా అదీ అలాగే పోయింది. ఆ వైరస్ చాపలో, గోనెపట్టాలో ఏడాది దాకా కూడా బతకగలదని, ఫినాయిల్‌కు చావదని అప్పుడు తెలిసింది. పైగా ఫినాయిల్ పిల్లులకు విషం. కాళ్లకు అంటితే నాకేస్తాయి. ఇవాళ్టికీ ఏ పిల్లయినా నీళ్ల గిన్నె దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటే నా చేతులు చల్లబడిపోతాయి.

అందుకని చెబుతున్నాను. కొత్తపిల్ల ముందు డాక్టరు దగ్గరికి, అక్కణ్ణుంచి నేరుగా ఇంట్లో నువ్వు ఆఫీసు పని చేసుకునే గదిలోకి. హాల్లో దింపకు, "ఒక్కసారి చూపిద్దాం" అనుకోకు. రెండు వారాలు ఆ తలుపు తీయకు. ఈ రోగం ఒంట్లోకి చేరాక బయటపడటానికి మామూలుగా రెండు నుంచి పది రోజులు పడుతుంది, అందుకే ఆ లెక్క. ముందు జున్నుకు తిండి పెట్టి, దాని పనులన్నీ అయ్యాక కొత్తదాని గదిలోకి వెళ్లు. ఆ గదికి ఒక నైటీ, ఒక జత చెప్పులు విడిగా ఉంచి, బయటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కో. దానికి తామర ఉన్నా ఇలా చేస్తే జున్నుకు అంటే ముప్పు తగ్గుతుంది. గది కడగాలంటే లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాల లిక్విడ్ బ్లీచ్ కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో తుడిచెయ్యి. అది ఆరేదాకా పిల్లను దూరంగా ఉంచు. ఫినాయిల్, బాత్రూం యాసిడ్ అందులో కలపకు.

జున్ను టీకా కార్డు ఇవాళే తీసి చూడు. రేపు కాదు. ఈ రోగం రాకుండా వేసే ట్రైక్యాట్ టీకా బూస్టర్ బాకీ ఉంటే కొత్తది రాకముందే వేయించాలి, వేయించిన మర్నాడే రక్షణ వచ్చెయ్యదు. అవసరమైతే ఆదివారాన్ని వచ్చే ఆదివారానికి జరుపు. నీ స్నేహితురాలు ఇంకో వారం ఉంచుకోలేకపోతుందా? కొత్తదానికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడో నెలలో. గోరు గీరుకున్నా, పన్ను దిగినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లు, ప్రభుత్వాసుపత్రిలో ఆ సూదులు ఉచితంగానే వేస్తారు. చిన్నగీతే కదా అని ఆఫీసు కాల్‌లో కూర్చున్నావని తెలిస్తే నేను బస్సెక్కి వచ్చేస్తాను.

ఆ రెండు వారాలు లోపలిది ఏడుస్తుంది. తలుపు కింద సందులోంచి పంజా బయటికి పెడుతుంది. నీ మనసు నాకు తెలుసు, అరగంటలో కరిగిపోతావు. నువ్వే లోపలికెళ్లి కూర్చో, కాల్స్ అక్కణ్ణుంచే మాట్లాడుకో, ఒళ్లో పెట్టుకో. దానికి కావలసింది వెచ్చటి ఒడి, అది నీ దగ్గర ఉంది. తలుపు మాత్రం వెయ్యి.

డాక్టరు సరేనన్నాక తొందరేం లేదు. దీని గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి వేసి వాసన అలవాటు చెయ్యి. మీ బెడ్రూంకు దోమల మెష్ తలుపు ఉందిగా, అది వేసి చెరో వైపు తిండి పెట్టు. బుస కొడితే గిన్నెలు రెండడుగులు వెనక్కి జరుపు. జున్నును తిట్టకు. నాలుగేళ్లుగా ఆ ఇల్లు దానిది, నీ పక్కలో చోటు దానిది. వారమో, నెలో పడుతుంది. కొన్ని ఎప్పటికీ ఒకదాన్నొకటి నాక్కోవు, ఒకే సోఫా మీద చెరో మూల పడుకుంటాయి. అదీ చాలు.

కొత్తది ఆడదైతే నాలుగో నెలకే చూలు నిలవవచ్చు, ఆపరేషన్ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడు.

నా పాత నేతచీర ఒకటి చింపి నాలుగు ముక్కలు ఉతికి ఆరేశాను, రేపు కొరియర్‌లో వేస్తాను. రెండు జున్నుకు, రెండు చిన్నదానికి. కలిసిపోకుండా చిన్నదాని వాటికి అంచున ఎర్రదారం కుట్టాను. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఆ మెష్ తలుపు తీసే రోజున నాకు వీడియో కాల్ చెయ్యి. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

నీ
పెద్దమ్మ
రాజమండ్రి