ఈగల మెదడు మీద పీహెచ్‌డీనా అని అడిగిన తండ్రికి

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయి పురుగుల మెదడు మీద పీహెచ్‌డీ చేస్తానంటోందట, డేటా సైన్స్‌కి మళ్ళించాలా, రెండింట్లో ఏది మేలో చెప్పమని ఓ తండ్రి అడిగారు.

అయ్యా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, సబ్జెక్టు పేరే మారుతుంటుంది. మీరు రాసినదాంట్లో అమ్మాయికి అదెందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు గానీ, "నలుగురికీ ఏమని చెప్పుకోవాలి" అన్నది మాత్రం మూడుసార్లు ఉంది. చెప్పుకోవడానికే అయితే, తేనెటీగల నాట్యంలోని అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చిందనీ, ఒంట్లోని గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో తేల్చిన ముగ్గురికి 2017లో వచ్చిందనీ చెప్పండి. ఆ టెన్షన్ ఇక్కడితో వదిలేయండి.

డేటా సైన్స్ చెడ్డదని అనను. కానీ అందరూ చేరుతున్నారని చేరినవాళ్ళు రెండేళ్ళకి నా ఎదుట కూర్చుని ఇప్పుడేం చేయాలంటున్నారు, టూల్స్ అన్నీ వచ్చు, వాటితో ఏం తెలుసుకోవాలన్న ప్రశ్నే లేదు, పైగా ఆ పనిలో సగం ఇప్పుడు మెషీనే చేసేస్తోంది. అదే ఈగల పనిలో అయితే, 2024లో ఎదిగిన పండ్ల ఈగ మెదడు వైరింగ్ మ్యాప్ వచ్చింది చూడండి: దాదాపు 1,39,000 న్యూరాన్లు, అంటే నాడీకణాలు, వాటి మధ్య 5 కోట్ల దాకా కనెక్షన్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోల్లో న్యూరాన్లను ఏఐ విడదీస్తే, అది చేసిన తప్పుల్ని మనుషులు కూర్చుని దిద్దారు. అంటే మీ అమ్మాయికి కోడింగ్ ఎలాగూ తప్పదు, కాకపోతే పనికొచ్చే చోట నేర్చుకుంటుంది.

కష్టం దాచను. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు, ఆపైన పోస్ట్‌డాక్ అని ఇంకొన్నేళ్ళ తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, ప్రొఫెసర్ పోస్టులేమో తక్కువ. చాలామంది కంపెనీల వైపు వెళ్ళిపోతారు, దాన్ని ఓడిపోవడం అనకండి దయచేసి.

తను తట్టుకోగలదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు, ఈగలే తేలుస్తాయి. వాటిని క్రాస్ చేయాలంటే, అంటే మనం ఎంచుకున్న మగ ఈగతోనే జతకట్టించాలంటే, ఇంకా జతకట్టని ఆడ ఈగలు కావాలి. 25 డిగ్రీల దగ్గర అవి ప్యూపా (పురుగు ఈగగా మారే గూడు దశ) నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపే ఏరేయాలి, అందుకని పొద్దున్నే ఒకసారి, సాయంత్రం మళ్ళీ ఒకసారి, కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిచ్చి, మైక్రోస్కోప్ కింద బ్రష్‌తో ఒక్కొక్కటీ. ఆదివారమని అవి ఆగవు.

రెండు నెలలు ఏదైనా ఫ్లై ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి పంపండి. వచ్చాక కూడా ఇదే కావాలంటే మళ్ళీ రాయండి, కాదు, ఈసారి తననే రాయమనండి.