అద్దె మిగులుతుందని ఎమర్జెన్సీ ఫండ్ ఊడ్చేయకండి

ప్రశ్న: సిటీలో మా జీతాల్లో 35 శాతం అద్దెకే పోతోంది. రైల్లో గంటంపావు దూరంలో ఉన్న టౌన్‌లో ఇల్లు కొని అక్కడికి మారిపోదామనుకుంటున్నాం. దాచుకున్నదంతా డౌన్ పేమెంట్‌కి పెట్టి, తగ్గిన దానికి పర్సనల్ లోన్ తీసుకుంటాం. ఇద్దరివీ సిటీలోనే ఉద్యోగాలు. చేయొచ్చా?

జవాబు: మారండి, కానీ ఇలా మాత్రం వద్దు. పిల్లలకి చోటు, కాస్త ప్రశాంతత, తక్కువ ఖర్చు, ఇవన్నీ మంచి కారణాలే. నేను భయపడేది "దాచుకున్నదంతా" అన్న మాటకి. ఈ మధ్య చాలామంది ఇదే చేస్తున్నారు, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

సిటీలో ఉంటే ఉద్యోగం పోయినా చుట్టుపక్కల ఇంకోటి వెతుక్కోవచ్చు, టౌన్‌లో మీ పనికి తగ్గ ఆఫీసులు ఉండకపోవచ్చు, పైగా మీ ఇద్దరి జీతాలూ ఆ ఒక్క రైలు లైన్ మీదే ఆధారపడతాయి, అందుకని ఎమర్జెన్సీ ఫండ్‌గా, అంటే ఉద్యోగం పోవడం లాంటి కష్టాలకి పక్కన పెట్టే డబ్బుగా, మామూలుగా చెప్పే 6 నెలల ఖర్చు మీకు సరిపోదు, ఈఎంఐతో కలిపి కనీసం 9 నెలల ఖర్చు విడిగా ఉండాలి. క్రెడిట్ కార్డ్ లిమిట్ ఈ లెక్కలోకి రాదు.

ఇక డౌన్ పేమెంట్‌కి పర్సనల్ లోన్ అంటే అప్పు తీసుకోవడానికి ఇంకో అప్పు చేయడమే. దయచేసి ఆ ఆలోచన ఇప్పుడే మానేయండి. మొదటి నెల నుంచే రెండు ఈఎంఐలు, అందులో ఒకటి ఎక్కువ వడ్డీది. 20 ఏళ్ల హోమ్ లోన్ 9 శాతానికి తీసుకుంటే మొత్తం కట్టేది అసలుకి 2.16 రెట్లు, ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారుతుండే వడ్డీ) 10 శాతానికి పెరిగితే, గడువు మార్చకపోతే, ఈఎంఐ 7 శాతం పైనే పెరుగుతుంది. చేతిలో ఏమీ లేనివాళ్లు ఆ పెరుగుదల ఎక్కడినుంచి తెస్తారు?

మిగిలే అద్దెలోంచి ఇద్దరి రైలు పాస్‌లు, స్టేషన్ దగ్గర పార్కింగ్, పిల్లల్ని సాయంత్రం ఎక్కువసేపు ఉంచితే అయ్యే ఫీజు తీసేసి చూడండి. రోజుకి రెండున్నర గంటలు అంటే నెలకి 22 రోజులకి ఒక్కొక్కరికి 55 గంటలు ప్రయాణమే.

ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోవచ్చు, సొంతంగా ఒకటి తీసుకోండి.

ముందు ఆ టౌన్‌లో అద్దెకి దిగండి. ఒక ఏడాది ఉండి, నెలనెలా నిజంగా మిగిలినది మొదట 9 నెలల ఫండ్‌లోకే వేయండి. అది నిండాక, డౌన్ పేమెంట్ కూడా విడిగా పోగయ్యాక ఇల్లు చూడండి.