స్పోర్ట్స్ కారు సైడ్ అద్దాలకు హీటర్ తర్వాత బిగించుకోవచ్చా?

మీ రెండు సీట్ల కారు సైడ్ అద్దాల మీద చలికాలంలో మంచు పేరుకుంటోందని, హీటర్ ఉన్న గాజు కొని బిగిస్తే సరిపోతుందా, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలని అడిగారు. నా పాత కన్వర్టిబుల్‌కు (పైకప్పు మడిచే కారు) ఈ పని నేనే చేసుకున్నాను. గాజు మార్చడం అసలు పనే కాదు. తలుపులోకి తీగ తీసుకెళ్లడంలోనే ఉంది శ్రమంతా.

మీ మోడల్‌లోనే ఖరీదైన రకానికి కంపెనీ హీటర్ అద్దాలు ఇచ్చి ఉంటే, ఆ గాజు చాలావరకు మీ అద్దంలోనూ పడుతుంది. ఎడమ, కుడి గాజుల వంపు ఒకేలా ఉండకపోవచ్చు, చూసి కొనండి. పాతదాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఒక అంచును లోపలికి నొక్కి, ఎదుటి అంచును ప్లాస్టిక్ పనిముట్టుతో మెల్లగా లేపితే క్లిప్పులు వదులుతాయి. చేతులకు తొడుగులు వేసుకోండి.

గాజు వెనక రెండు టెర్మినళ్లు ఉంటాయి. మామూలు హీటరుకు ప్లస్, మైనస్ ఎటు కలిపినా ఒకటే. వాటి మధ్య మల్టీమీటర్‌ (కరెంటు కొలిచే పరికరం) 10 ఓమ్‌ల నిరోధం చూపిస్తే, ఇంజిన్ నడిచేటప్పుడు ఉండే 14 వోల్టులకు 1.4 ఆంపియర్లు, అంటే దాదాపు 20 వాట్లు. అలాంటివి రెండున్నా 3 ఆంపియర్లు దాటవు కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు.

ఇక తలుపు. లోపలి ప్యాడ్ తీసే ముందు బ్యాటరీ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి, ఎందుకంటే తలుపులో ఎయిర్‌బ్యాగ్ గానీ దాని సెన్సార్ గానీ ఉండవచ్చు. బాడీకీ తలుపుకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, కొత్త తీగలు అందులోంచే వెళ్లాలి. బయట రంధ్రం చేసి లాగితే రోజూ తలుపు వేసినప్పుడల్లా నలిగి ఎప్పుడో ఒకనాడు షార్ట్ అవుతుంది. గొట్టం చివర కనెక్టర్ ఉంటే ఖాళీ పిన్ స్థానాలు ఉన్నాయేమో చూడండి. ఉన్నాయంటే సగం పని తప్పినట్టే. నా కారులో లేవు. గట్టి ఇనుప తీగకు కొత్త తీగలను కట్టి, సిలికాన్ స్ప్రే కొట్టి, మోకాళ్ల మీద కూర్చుని కొంచెం కొంచెంగా లాగాల్సి వచ్చింది. ఓపిక లేని రోజున ఆ పని మొదలుపెట్టకండి.

స్పోర్ట్స్ కార్లలో ఇంకో చిక్కుంది. తలుపు సన్నగా ఉంటుంది, ఫ్రేము లేని కిటికీ గాజు లోపల తీగలకు అతి దగ్గరగా దిగుతుంది. తీగను పాత వైరింగ్‌కే కట్టి, ప్యాడ్ వేసే ముందు గాజును పూర్తిగా దించి ఎత్తి చూడండి. అద్దం మడిచే రకమైతే మడత దగ్గర తీగ కాస్త వదులుగా ఉండాలి. నీరు రాకుండా అంటించిన షీటును మళ్లీ సరిగ్గా అంటించకపోతే వాన నీళ్లు కాళ్ల దగ్గరికొస్తాయి.

కరెంటుకు నా సలహా: వెనక గాజు డిఫాగర్ (ఆవిరి, మంచు పోగొట్టే హీటర్) ఆన్ అయినప్పుడే పనిచేసేలా ఒక రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, పెట్టండి. రిలే పిన్నుల మీద నంబర్లుంటాయి: డిఫాగర్ తీగ 86కి, 85 ఎర్త్‌కి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 30కి, 87 నుంచి అద్దాలకు. చాలా కార్లలో డిఫాగర్‌కు టైమర్ ఉంటుంది కాబట్టి హీటర్లూ వాటంతటవే ఆగిపోతాయి. 1989లో వచ్చిన తొలి తరం మాజ్డా ఎంఎక్స్-5 లాగా మడత టాపుకు వెనక ప్లాస్టిక్ కిటికీ ఉన్న కార్లలో ఆ వసతి లేదు. అలాంటప్పుడు ఇగ్నిషన్‌తో ఆగిపోయే విడి స్విచ్చు, వీలైతే టైమర్ రిలే పెట్టుకోవాలి. తలుపులో కంట్రోల్ మాడ్యూల్ (కిటికీలు, అద్దాలను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న కొత్త కార్లలో మాత్రం కనబడిన తీగనల్లా కోసి కలపవద్దు, ముందు వైరింగ్ చిత్రం సంపాదించండి.

మీ కారుకు కంపెనీ హీటర్ గాజే లేకపోతే, వెనక అంటించే హీటర్ ప్యాడ్లు దొరుకుతాయి. అవీ పనిచేస్తాయి. కానీ అంటించేటప్పుడు గాలి బుడగ మిగిలితే వేడి సమానంగా పాకదు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.