స్లైడ్ మళ్లీ చూశారట, ఏం తేలిందో మాత్రం చెప్పరట!

ప్రశ్న: మా అక్కకి 44 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం కణాల్ని స్లైడ్ అనే గాజు పలక మీద పరిచి చూసే పరీక్ష) చేయిస్తే నార్మల్ అన్నారు. ఇప్పుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. పాత స్లైడ్ మళ్లీ చూశామని ల్యాబ్‌లో ఒకాయన నోరు జారాడు. ఏం కనిపించిందండీ అంటే "అది మా లోపలి వ్యవహారం" అంటున్నారు. అడిగే హక్కు మాకు లేదా?
— ఒక చెల్లెలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఎందుకు లేదమ్మా? స్లైడ్ మీద ఉన్నవి మీ అక్క కణాలు, వాళ్ల వ్యాపార రహస్యాలు కావు.

ముందు అక్క చేత సంతకం పెట్టించి ఒక కాగితం రాసివ్వండి, ముట్టినట్టు తేదీ, సీలు వేయించుకోండి. నోటిమాటగా అడిగితే రేపు రండి అంటారు. రిపోర్ట్ మీద సంతకం చేసిన పాథాలజిస్ట్ కూడా డాక్టరే కాబట్టి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు ఆయనకీ వర్తిస్తాయి: రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. మూడేళ్లు దాచాలన్న మాట మాత్రం అందులో ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులకే ఉంది, మీకు ఇప్పటికే రెండేళ్లు గడిచాయి, ఆలస్యం చేయకండి. తిరకాసు ఏంటంటే, "మళ్లీ చూసిన ఫలితం" అనే మాట ఆ నిబంధనల్లో విడిగా లేదు, వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అందుకే కాగితంలో "మళ్లీ ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, ఏం రాశారు" అని విడివిడిగా అడగండి.

ఐర్లాండ్‌లో ఇదే పెద్ద గొడవైంది. విక్కీ ఫెలాన్ అనే ఆవిడకి 2011లో నార్మల్ అన్నారు, 2014లో క్యాన్సర్ బయటపడింది, పాత పరీక్ష తప్పని ఆడిట్‌లో (పాత స్లైడ్లు మళ్లీ చూసే తనిఖీలో) తేలినా ఆ సంగతి ఆమెకి తెలిసింది 2017లో! కోర్టుకెళ్లింది, నోరు మూసుకుని ఉంటానని సంతకం పెట్టనంది. ఆమె మాట్లాడబట్టే ఇంకా రెండు వందల మందికి పైగా ఆడవాళ్ల ఆడిట్ల సంగతి బయటికొచ్చింది. 2023లో అక్కడ చట్టం చేశారు, క్యాన్సర్ వచ్చినవాళ్లు తమ పాత స్క్రీనింగ్‌ని మళ్లీ చూడమని అడగొచ్చు.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. పాప్ స్మియర్ నూటికి నూరు శాతం పట్టే పరీక్ష కాదు, ఒక్కోసారి చెడ్డ కణాలు స్లైడ్ మీదకే రావు. పైగా క్యాన్సర్ అని తెలిశాక చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి కనిపిస్తుంది. కాబట్టి క్యాన్సర్ వచ్చిన సంగతి చెప్పకుండా, వేరే స్లైడ్లతో కలిపి ఇంకో పాథాలజిస్ట్‌కి చూపిస్తేనే ఆ అభిప్రాయానికి విలువ. మామూలు పాప్ స్మియర్‌కి ఉండేది ఒక్క స్లైడే, బయాప్సీ బ్లాక్‌లా (మైనంలో దాచిన కండ ముక్కలా) ఇంకోటి కోయడం కుదరదు, కాబట్టి తీసుకునేటప్పుడు రసీదు రాయించుకోండి, పగలకుండా చూసుకోండి.

ఈ హడావిడిలో చికిత్స ఒక్కరోజు కూడా ఆపొద్దు. వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్ల గడువు ఉంటుంది, ఎప్పటి నుంచి లెక్కో ఈ వారంలోనే ఒక లాయర్‌ని అడగండి.